పసిబిడ్డ ఆకలిని గుర్తించుట

(గ్రంథాలయమున జరిగిన స్త్రీల సభలో చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ సమయమున గ్రంథములను గూర్చియు, కవులను గూర్చియు ప్రసంగించుట పరిపాటి. పసిబిడ్డ ఆకలికిని గ్రంథాలయమునకును సంబంధమేమని కొందఱకు తోచవచ్చును. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము 1914లో బెజవాడలో ఏర్పడిన నాటినుండియు, గ్రంథాలయమనగా పుస్తకముల బీరువా మాత్రమే కాదనియు, ఊరికి పనికివచ్చు ప్రతి విషయమును ఊరివారికి చేరవేయు స్థానమనియు ఉద్యమపు పెద్దలు చెప్పుచు వచ్చిరి. చదువు వచ్చినవారు చదివి, రానివారికి వినిపింపవలెనన్నది ఆ ఉద్యమ ధర్మము. ఊరికి పనికివచ్చు విషయములలో పసిబిడ్డ ప్రాణముకంటె ముఖ్యమైనది మఱొకటి లేదు గనుక ఈ విషయమును ఎన్నుకొనుట జరిగినది.

“అడుగనిదే అమ్మయైనను పెట్టదు” అని తెలుగువారి సామెత. పెద్దవారి విషయమున ఇది సరియైన మాటయే. కాని మాటలు రాని బిడ్డ యెట్లు అడుగును? ఈ ప్రశ్నకు నూటికి తొంబదిమంది చెప్పు సమాధానము, “ఏడ్చి అడుగును” అని. బిడ్డ యేడ్చినచో పాలియ్యవలెను, ఏడ్వకున్నచో కడుపు నిండియున్నదని తలంపవలెను అనునది అనేక గృహములలో అలిఖిత శాసనము. ఈ శాసనములో రెండు తప్పులు గలవు. ఏడ్పు బిడ్డ చెప్పు మొదటి మాట కాదు, చివరి మాట. అంతకుముందు చాలసేపు ఆ బిడ్డ అడుగుచునే యుండును. ఇది మొదటి తప్పు. ఇక రెండవది, ఏడ్వని బిడ్డ యెల్లప్పుడును కడుపు నిండిన బిడ్డ కాదు. ఈ రెండవ తప్పు మొదటిదానికంటె ప్రమాదకరమైనది. దానివలన ప్రాణహాని కూడ కలుగవచ్చును.

ఒక తొలిచూలు బాలింతను ఊహించుకొనుడు. పురిటికి పుట్టింటికి వచ్చినది. బిడ్డకు పదునైదు దినములు. అర్ధరాత్రి బిడ్డ కదలినది. కన్నులు మూసికొనియే యున్నది. కనురెప్పల క్రింద కన్నులు ఇటునటు కదలుచున్నవి. పెదవులు చప్పరించుచున్నది. నాలుక కొంచెము వెలుపలికి వచ్చి మఱల లోపలికి పోవుచున్నది. తల్లి లేచి చేయి చాచినది. ప్రక్కనున్న అమ్మమ్మ, “బిడ్డ ఏడవలేదు గదే అమ్మాయీ, అప్పుడే ఎందుకు తీస్తావు? పడుకోనీ” అన్నది. ఆమె ప్రేమతోనే అన్నది. కూతురికి కొంత నిద్ర దక్కునని ఆమె ఆశ. కూతురు చేయి వెనుకకు తీసికొన్నది. ఐదు నిమిషములకు బిడ్డ తల ప్రక్కకు త్రిప్పి నోరు తెఱచినది. పిడికిలి నోటికి తెచ్చికొన్నది. మఱి కొంతసేపటికి కాళ్లు తన్నుకొని, ఒడలు విఱుచుకొని, మూలుగసాగినది. ఇల్లు కదలలేదు. అప్పుడు ఏడ్పు మొదలైనది. ముఖము ఎఱ్ఱబారినది. తల్లి తీసి రొమ్ము అందించినది. బిడ్డ పట్టుకొనలేకపోయినది. పట్టుకొనుట, విడుచుట, మఱల కెవ్వుమనుట. అరగంట గడచినది. తల్లి కన్నీరు పెట్టుకొన్నది. “పాలు చాలట్లేదేమోనమ్మా, డబ్బాపాలు పడితే పోలా?” అని తెల్లవాఱకమునుపే ఎవరో అన్నారు.

ఈ కథలో చెడ్డవారెవరును లేరు. పాలకును కొఱత లేదు. కొఱవడినది ఒక్కటే. బిడ్డ ముమ్మాఱు అడిగినది, విన్నవారు లేరు.

ఆ మూడు మాఱులను విడదీసి చూతము.

మొదటి దశలోని గుర్తులు మెత్తనివి. నిద్రలో కదలుట, పెదవులు చప్పరించుట, నోరు తెఱచి మూయుట, నాలుక వెలుపల పెట్టుట, తలను ఇటునటు త్రిప్పి వెదకుట. ఈ వెదకులాట పుట్టుకతోనే వచ్చును. క్రొత్తగా పుట్టిన బిడ్డ చెక్కిలిని వ్రేలు గాని గుడ్డ గాని తాకినచో బిడ్డ ఆ వైపునకే తల త్రిప్పి నోరు తెఱచును. చనుమొనను చూచి కాక స్పర్శతోను, వాసనతోను కనుగొనుటకు ప్రకృతి చేసిన ఏర్పాటిది. సుమారు నాలుగవ నెలకు ఈ అలవాటు తగ్గిపోవును. అప్పటికి బిడ్డ తల్లిని చూచి, గుర్తించి, తానే అందుకొనగలదు. ఈ దశలో బిడ్డను తీసి రొమ్మున చేర్చినచో కష్టమే లేదు. సగము నిద్రలోనే త్రాగి మఱల నిద్రించును. తల్లికిని నిద్ర దక్కును.

రెండవ దశలో కదలిక హెచ్చును. చేయి నోటికి పోవును. పిడికిళ్లు బిగియును. ఒడలు విఱుచుకొనును. ఎత్తుకొన్నవారి రొమ్మువైపునకు, అది తండ్రి రొమ్మైనను తాత రొమ్మైనను, తల త్రిప్పి వెదకును. చిన్న చిన్న మూలుగులు వినవచ్చును. ఊపిరి వేగమగును. ఇప్పటికిని కాలము మించలేదు.

మూడవది ఏడ్పు. ముఖము ఎఱ్ఱబారును, ఒడలు గట్టిపడును, కాలుసేతులు తన్నుకొనును. ఏడ్చు బిడ్డ నాలుక పైకి లేచి యుండును. రొమ్ము పట్టవలెనన్నచో నాలుక క్రింద పఱచుకొని ముందునకు రావలెను. అందువలననే ఏడ్చు బిడ్డ రొమ్మును సరిగా పట్టలేదు. గాలి మ్రింగును. కొంత పీల్చి, అలసి, కడుపు నిండకమునుపే నిద్రపోవును. గంట గడవకమునుపే మఱల లేచును. బిడ్డ చనుమొనను మాత్రమే పట్టి లాగుటచే తల్లి చనుమొనలు పగులును. ఇన్ని కష్టములకును మూలము ఇరువది నిమిషముల ఆలస్యము.

ఏడ్పు వఱకు వచ్చిన బిడ్డను ఏమి చేయవలెను? వెంటనే నోటిలో రొమ్ము క్రుక్కరాదు. మొదట ఊరడింపవలెను. బిడ్డ గుడ్డలు వదులు చేసి, తల్లి రొమ్ముల నడుమ ఒడలికి ఒడలు తాకునట్లు నిలువుగా పట్టుకొని, మెల్లగా వీపు నిమురవలెను. శాంతించి, నోరు వెదకుట మొదలిడినపుడు పాలియ్యవలెను. పట్టునపుడు బిడ్డ నోరు బాగుగా తెఱచి, గడ్డము రొమ్మునకు తాకి, చనుమొన చుట్టునున్న నల్లని భాగము కూడ చాల వఱకు నోటిలోనికి పోవలెను. తల్లికి నొప్పి తెలియుచున్నచో పట్టు సరిగా లేదన్నమాట. చిటికెనవ్రేలు బిడ్డ నోటి మూలనుంచి, పట్టు విడిపించి, మఱల పట్టింపవలెను.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ఏ గుర్తును ఒంటరిగా నమ్మరాదు. ఇప్పుడే త్రాగిన బిడ్డయు చెక్కిలి తాకినచో తల త్రిప్పవచ్చును. రెండు మూడు నెలల బిడ్డ తన చేతిని తాను క్రొత్తగా కనుగొని, ఆకలి లేకున్నను నోటిలో పెట్టుకొని ఆడుకొనును. గుర్తులు రెండు మూడు కలసి వచ్చినపుడును, కడపట త్రాగి కొంత సమయము గడచినపుడును ఆకలి యని నిశ్చయింపవచ్చును. సందేహమున్నచో రొమ్ము అందించి చూచుటయే సులభమైన పరీక్ష. ఆకలి లేని బిడ్డ త్రాగదు. తల్లిపాలు త్రాగు బిడ్డకు మాటిమాటికి అందించుటవలన కీడు లేదు.

ప్రతి యేడ్పును ఆకలియే యనుకొనుటయు పొరపాటు. పొత్తిగుడ్డ తడిసినను, ఉక్క పోసినను, చలి వేసినను, నిద్ర ముంచుకొని వచ్చి నిద్ర పట్టకున్నను, ఎత్తుకొనవలెనని కోరినను బిడ్డ ఏడ్చును. ఏ కారణమును కానరాని యేడ్పు కూడ కలదు. బ్రేజెల్టన్ అను అమెరికా శిశువైద్యుడు 80 మంది ఆరోగ్యవంతులైన శిశువుల యేడ్పును తల్లులచే వ్రాయించి 1962లో ప్రకటించెను. పుట్టిన కొన్ని వారములకు ఏడ్పు క్రమముగా హెచ్చి, ఆఱవ వారమున మిక్కిలి హెచ్చుగా, దినమునకు రమారమి రెండుముప్పావు గంటలుండి, పిమ్మట తగ్గినదని ఆయన కనుగొనెను. అది సాయంకాలములందే హెచ్చు. కావున సాయంకాలము ఒక గంట ఊరడిల్లక యేడ్చిన నెలన్నర బిడ్డను చూచి తల్లిపాలు చాలలేదని తీర్పు చెప్పరాదు. ఎత్తుకొని నడువుడు, ఊయల నూపుడు, జోల పాడుడు, మఱల రొమ్ము అందించి చూడుడు. పగలు బాగుగా త్రాగి, మూత్రము బాగుగా పోయుచు, బరువు పెఱుగుచున్న బిడ్డకు అది గడచిపోవు గాలివాన వంటిది.

గడియారము మాట కూడ చెప్పవలెను. గడియారమును చూచి పాలియ్యవలెనను పద్ధతి ఈ దేశమున పుట్టినది కాదు. న్యూజీలాండు దేశమున ట్రూబీ కింగ్ అను వైద్యుడు 1907లో డునెడిన్ నగరమున తల్లీబిడ్డల క్షేమమునకై ఒక సంఘమును స్థాపించెను. ఆయన తల్లిపాలను గట్టిగా సమర్థించినవాడే. కాని నాలుగేసి గంటలకొకసారి మాత్రమే పాలియ్యవలెననియు, రాత్రివేళ ఈయరాదనియు నియమము పెట్టెను. ఆ నియమము ఆంగ్లభాష వ్యాపించిన దేశములకెల్ల ప్రాకినది. వేలాది తల్లులు పాలతో బరువెక్కిన రొమ్ములతో, ఏడ్చు బిడ్డ యెదుట, గడియారపు ముల్లు చూచుచు కూర్చుండిరి. పిమ్మట 1942లో అమెరికాలో ఫ్రాన్సెస్ సిమ్సేరియన్, ప్రెస్టన్ మెక్‌లెండన్ అనువారు, ఒక శిశువు తాను కోరినపుడెల్ల పాలు త్రాగుచు తన తొలి పండ్రెండు వారములు గడపిన తీరును వ్రాసి ప్రకటించిరి. బిడ్డ తన యవసరమును తానే ఎఱుగునను భావము క్రమముగా వైద్యులలో బలపడినది. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థయు, భారత ప్రభుత్వమును చెప్పునది ఇదియే. బిడ్డ కోరినపుడెల్ల, పగలు రాత్రి భేదము లేక, పాలియ్యవలెను. పసికందు దినమునకు 8 మొదలు 12 మాఱులు త్రాగుట సహజము. ఇది గంటల లెక్కగా సమముగా నుండదు. ఒక్కొక్కపుడు మూడు గంటలు నిద్రించి, సాయంకాలము గంటగంటకు అడుగును.

రాత్రి పాలవలన ఒక లాభము గూడ కలదు. పాలు ఊరుటకు తోడ్పడు రసము రాత్రివేళ తల్లి శరీరమున హెచ్చుగా నుండును. బిడ్డ పీల్చినకొలది పాలు ఊరును. పీల్చుట తగ్గినచో ఊరుటయు తగ్గును. ఇది బావి వంటిది. తోడినకొలది ఊట. ఈ యొక్క సూత్రమును గ్రహించినవారు డబ్బాపాల జోలికి అనవసరముగా పోరు. “పాలు చాలవు” అను భయముతో ఒకపూట సీసా పట్టినచో, ఆ పూట బిడ్డ రొమ్ము పీల్వదు. పీల్వనందున పాలు ఊరవు. మఱునాడు రెండుపూటల సీసా కావలసి వచ్చును. భయపడినదే నిజమగును.

ఇప్పుడు మొదట చెప్పిన రెండవ తప్పు, అనగా ఏడ్వని బిడ్డ విషయము.

“మా బిడ్డ ఎంత బుద్ధిమంతుడో, పెట్టినచోట ఉంటాడు, ఏడుపన్నదే ఎఱుగడు” అని బంధువులు మెచ్చుకొనుట కద్దు. నెలలు నిండి, బరువు పెఱుగుచున్న బిడ్డ విషయమున అది సంతోషింపదగిన మాటయే. కాని పుట్టిన తొలి రెండు వారములలో ఆ మాట విన్నపుడు ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. నెలలు నిండకమునుపే పుట్టిన బిడ్డకు, 2,500 గ్రాములకంటె తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు, పసిరికలు హెచ్చుగా వచ్చిన బిడ్డకు ఏడ్చి అడుగు శక్తి యుండదు. పాలు చాలనిచో బిడ్డ బలము తగ్గును. బలము తగ్గినచో నిద్ర హెచ్చును. నిద్ర హెచ్చినచో త్రాగుట ఇంకను తగ్గును. ఇంటివారికి కానవచ్చునది ప్రశాంతమైన ఊయల. లోపల జరుగుచున్నది దీపమునకు నూనె తగ్గుట. ఆకలిచే ఏడ్చు బిడ్డ తన్ను తాను కొంత కాపాడుకొనగలదు. ఆకలిచే నిద్రించు బిడ్డను ఇతరులే కాపాడవలెను.

కావున తొలి దినములలో, ముఖ్యముగా బరువు తక్కువ బిడ్డను, ఏడ్పు కొఱకు ఎదురుచూడక రెండు మూడు గంటలకొకసారి లేపి పాలియ్యవలెను. లేపుట కష్టమైనచో చుట్టిన గుడ్డలు వదులు చేయవలెను. పొత్తిగుడ్డ మార్చవలెను. అరికాళ్లను, వీపును మెల్లగా రుద్దవలెను. తల్లి ఒడలికి ఆనించి పట్టుకొనవలెను. నాలుగు చుక్కల పాలు పిండి పెదవులకు తడుపవలెను. త్రాగుచు మధ్యలో నిద్రపోయినచో పాదము నిమిరి మఱల లేపవలెను. పుట్టినప్పటి బరువునకు మఱల వచ్చి, తానే లేచి అడుగు అలవాటు పడువఱకు ఈ జాగ్రత్త తప్పదు.

బిడ్డకు పాలు చాలుచున్నవో లేదో తెలిసికొనుటకు కొలతలు కలవు. రొమ్ము మెత్తబడినదా గట్టిగా నున్నదా అన్నది కొలత కాదు. పిండిచూచినపుడు ఎన్ని పాలు వచ్చినవన్నదియు కొలత కాదు. పొత్తిగుడ్డలే సరియైన లెక్కపుస్తకము. ఐదవ దినము దాటిన బిడ్డ ఇరువదినాలుగు గంటలలో ఆఱు మాఱులకు తక్కువ కాకుండ మూత్రము పోయవలెను. అది తేటగా నుండవలెను. తొలి దినముల నల్లని మలము నాలుగైదు దినములకు పసుపు రంగునకు తిరుగవలెను. నాలుగవ దినము దాటిన పిమ్మటను పొత్తిగుడ్డపై ఇటుకపొడి వంటి మరక కనబడుచున్నచో పాలు చాలుట లేదని అనుమానింపవలెను. ఇక బరువు. పుట్టిన తర్వాత కొలది దినములు కొంత బరువు తగ్గుట సహజము. అది పదింట ఒక వంతు మించరాదు. రెండు వారములలో మఱల పుట్టినప్పటి బరువు రావలెను. అటుపిమ్మట తొలి మూడు నెలలలో దినమునకు సుమారు 20 మొదలు 30 గ్రాములు పెఱుగును. త్రాగునపుడు గుటక వినబడుట, త్రాగిన పిమ్మట బిగిసిన పిడికిలి విప్పారుట కూడ మంచి గుర్తులే.

ఆసుపత్రిలో కాన్పైనచో ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఇంటికి వచ్చి బిడ్డను చూడవలెనని ఏర్పాటు కలదు. ఆమె వచ్చినపుడు బిడ్డ నిద్రించుచున్నదని పంపివేయక, తూకము వేయించి, పాలు త్రాగు తీరును చూపవలెను.

ఈ క్రింది గుర్తులలో ఏ యొక్కటి కనబడినను ఇంటి వైద్యముతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఎంత లేపినను లేవకుండుట. అంతవఱకు త్రాగుచున్న బిడ్డ త్రాగుట మానుట. ఒడలు వ్రేలాడబడుట. కాలుసేతులు చల్లబడుట, లేదా జ్వరము కాయుట. ఊపిరి మిక్కిలి వేగముగా పీల్చుట, ఱొమ్ము క్రిందిభాగము లోపలికి లాగుకొనుట. అరచేతులు, అరికాళ్లు పచ్చబడుట. మాడు లోపలికి గుంటపడుట. మూత్రము ఆగిపోవుట. ఇట్టి సమయమున 108 వాహనమును పిలుచుటకు సంకోచింపరాదు. దారిలో బిడ్డను తల్లి ఒడలికి ఆనించి వెచ్చగా ఉంచవలెను.

పెద్దల అలవాట్లను గూర్చి గౌరవముతోనే కొన్ని మాటలు చెప్పవలసియున్నది. ముఱ్ఱుపాలు చిక్కగా, పసుపుగా నుండుటచే చెడ్డవని పిండి పాఱబోయు ఆచారము అనేక చోట్ల నుండెను. అది బిడ్డకు ప్రకృతి యిచ్చు తొలి రక్షణ. రోగములను ఎదిరించు పదార్థములు దానిలో సమృద్ధిగా గలవు. పరిమాణము చెంచాల లెక్కలో నుండును. తొలి దినపు చిన్న కడుపునకు అది చాలును. పుట్టిన గంటలోపలనే రొమ్మునకు చేర్చవలెను. పంచదార నీళ్లు, తేనె, గాడిదపాలు, ఆముదము, గ్రైప్ వాటరు ఇవి యేవియు ఆకలికి మందు కావు. తేనెవలన ఏడాదిలోపు బిడ్డలకు కండరములు చచ్చుబడు అపాయకరమైన జబ్బు రావచ్చును. వేసవిలోనైనను ఆఱు నెలల వఱకు నీరు అవసరము లేదు. తల్లిపాలలో నూటికి ఎనుబదియేడు వంతులకు పైగా నీరే. నీటితో నిండిన చిన్న కడుపు ఆకలిని చెప్పదు. ఆకలి చెప్పకున్నచో పాలు అందవు.

అయితే పెద్దలు దాచియుంచిన వానిలో మేలైన వస్తువొకటి కలదు. అది ఉగ్గుగిన్నె. రొమ్ము పట్టలేని బిడ్డకు తల్లిపాలనే శుభ్రముగా పిండి, మఱగించిన గిన్నెతో పెదవి యంచున ఆనించి, బిడ్డ తానే నాకి చప్పరించునట్లు పట్టవలెను. గొంతులో పోయరాదు. సీసాకంటె గిన్నె శుభ్రపఱచుట సులభము. పిండిన పాలను వెలుపల నాలుగు గంటలకు మించి ఉంచరాదు. ఎండకాలమున అంతకంటె ముందుగనే త్రాగించుట మేలు.

డబ్బాపాలవలన కలుగు హానిని గూర్చి లోకమునకు తొలుత గట్టిగా చెప్పినవారిలో సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు ఒకరు. 1939లో సింగపూరు రోటరీ క్లబ్బులో ఆమె చేసిన ప్రసంగమునకు “పాలు, హత్య” అని పేరు పెట్టినది. తీపి డబ్బాపాలు పట్టబడి క్షీణించిన శిశువులను ఆమె కన్నులార చూచినది. మన దేశమున 1992లో పార్లమెంటు చట్టము చేసి, శిశువుల డబ్బాపాలకును, పాలసీసాలకును ప్రకటనలు చేయరాదనియు, తల్లులకు ఉచిత నమూనాలు పంచరాదనియు నిషేధించినది. 2003లో ఆ చట్టమును మఱింత కట్టుదిట్టము చేసినది. తల్లి లేని బిడ్డకు, వైద్యుడు కారణము చూచి చెప్పిన బిడ్డకు వేఱు పాలు తప్పవు. అట్టి తల్లులను నిందించుట అన్యాయము. కాని ఆ బిడ్డ కూడ అవే గుర్తులతో ఆకలిని చెప్పును. అవే గుర్తులతో చాలునని కూడ చెప్పును.

చాలుననుట ఎట్లు? పీల్చుట నెమ్మదించును. రొమ్మును తానే విడిచిపెట్టును. తల ప్రక్కకు త్రిప్పును. పెదవులు మూయును. చేతులు వదులై ప్రక్కకు వ్రాలును. ఆ తర్వాత బలవంతము చేయరాదు. గిన్నెలో మిగిలిన రెండు చెంచాలు పాఱబోయవలసి వచ్చునని నోటిలో పోయుట బిడ్డ మాటను త్రోసిపుచ్చుటయే. ఆఱు నెలలు నిండి మెత్తని అన్నము పెట్టునపుడును ఇదియే న్యాయము. గిన్నెవైపు ఒఱగి నోరు తెఱచినచో పెట్టుడు. మోము త్రిప్పినచో ఆపుడు. అటుపిమ్మటను రెండేండ్లు, అంతకు పైనను తల్లిపాలు కొనసాగింపవలెను.

ఈ భారమంతయు తల్లిదే యనుకొనుట ధర్మము కాదు. మెత్తని గుర్తులను చూడవలెనన్నచో చూచువారు బిడ్డ దగ్గఱ నుండవలెను. పురిటిగదిలో బిడ్డను తల్లి ప్రక్కనే ఉంచవలెను. వేఱొక గదిలో ఊయల కట్టి, ఏడ్పు వినబడినపుడు తెచ్చి యిచ్చుట తగదు. పొయ్యి దగ్గఱ నున్న కోడలు బిడ్డ పెదవులు చప్పరించుట చూడలేదు. చూచిన అత్తగారు బిడ్డను తెచ్చి యిచ్చి, గరిటె తాను పుచ్చుకొనవలెను. తండ్రి రాత్రివేళ బిడ్డ కదలినపుడు లేచి తల్లికి అందింపవచ్చును. పొలము పనికి పోవు తల్లి గట్టు మీది చెట్టుకొమ్మకు కట్టిన ఊయలను కనుచూపు మేరలో ఉంచుకొనుటకును, బిడ్డ అడిగినపుడు పని విడిచి పోవుటకును అవకాశమియ్యవలసినది పనిచేయించుకొను రైతు. ఆ పావుగంటకు కూలి కోయుట బిడ్డ నోటిలోని పాలను కోయుటయే.

సభకు వచ్చినవారు ఇంటికి పోయి చేయదగిన పని యొకటి కలదు. ఇంట పసిబిడ్డ యున్నచో ఒక్క దినము ఒక కాగితముపై వ్రాసి చూడుడు. బిడ్డ ఎప్పుడు కదలినది, ఏ గుర్తు ముందు కనబడినది, ఎంతసేపటికి ఏడ్చినది, ఎన్ని గుడ్డలు తడిపినది. వ్రాయుట రాని తల్లికి బడికి పోవు పిల్లవాడు వ్రాసిపెట్టగలడు. రెండు మూడు దినములలో ఆ బిడ్డ అలవాటు బోధపడును. ఒక బిడ్డ నాలుక చాపి అడుగును. మఱొకటి పిడికిలి నమలి అడుగును. పక్కింటి బిడ్డతో పోలిక లేదు. ఆ కాగితమును ఆశా కార్యకర్తకు గాని వైద్యునికి గాని చూపినచో వారికిని ఉపకరించును.

సామెత చెప్పినట్లు అడుగనిదే అమ్మయైనను పెట్టకపోవచ్చును. కాని పసిబిడ్డ అడుగనిది ఎన్నడును లేదు. పెదవితో అడుగును, నాలుకతో అడుగును, పిడికిలితో అడుగును. అవన్నియు విఫలమైనపుడు మాత్రమే గొంతెత్తును. అడుగు బలము కూడ లేని బిడ్డను అడుగకమునుపే లేపి పెట్టవలెను. ఈ రెండు మాటలు ఈ గ్రామమున ప్రతి పురిటింటికిని చేరినచో, ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా చేసిన సేవలో ఈనాటి సాయంకాలము కూడ సార్థకమైనట్లే.

స్వస్తి.